కొత్త మోకాలు, కల్లం కుక్క

కుక్క కరిస్తే గాయం మీద కారం అద్దడం మన పల్లెల్లో ఇంకా పోలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కారానికి కరువెక్కడిది? పరుగున వంటింట్లోకి పోయి గుప్పెడు తెచ్చి అదిమిపెడతారు. కారం అందకపోతే సున్నం, అదీ లేకపోతే పసుపో, కాచిన నూనో. భగ్గున మంట లేస్తే విషం చస్తోందని ధైర్యం. ఆ తర్వాత పీహెచ్‌సీకి వెళ్లి సూది వేయించుకుంటారు. తొలిరోజు, ఆపైన 3, 7, 28 రోజులకు వేసే సూదులు పూర్తయ్యాయంటే ఆ కాటు సంగతి అంతటితో సరి. బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిపించుకున్న పెద్దవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. గొర్రె మెదడు నుంచి చేసిన ఆ పాత టీకాను దేశంలో 2004 చివర్లో ఆపేశారు గానీ, దాని బాధ మాత్రం అరుగుల మీద కథలుగా మిగిలింది.

రేబిస్ భయం ఉత్త భయం కాదు. సోకితే బతకరు కాబట్టి ఆ సూదుల విషయంలో బేరాల్లేవు. చిక్కేమిటంటే, కుక్క అన్నా పిల్లి అన్నా మనకు రేబిస్ తప్ప ఇంకేదీ గుర్తుకు రాకపోవడం. పిచ్చికుక్క కాదు, ఇంటి కుక్కే. కరవలేదు, చెప్పులు తగిలి లేచిన పుండును నాకింది. లేదా పిల్లి ఆటలో పిక్క మీద గీరింది. దీనికి ఆస్పత్రికి ఎవరు పోతారు? రేబిస్ మాట పక్కన పెడితే, మామూలు కాలయితే ఆ పుండు కోసం పోనక్కర్లేదు కూడా. సబ్బుతో కడిగితే చాలాసార్లు అదే మానుతుంది (రేబిస్ సూది సంగతి వేరు, అది ఆ జంతువును బట్టి డాక్టరు చెప్పాలి). కానీ అదే కాల్లో నాలుగేళ్ల కిందట వేయించుకున్న లోహపు మోకీలు ఉంటే లెక్క మారుతుంది. ఈ మైదానాల్లో అలాంటి కాళ్లు ఏటికేడు పెరుగుతున్నాయి.

గుజ్జు అరిగే పనులు

సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా మిరపచేలో ఆడకూలీలు వరస పట్టి జరుగుతుంటారు. చెట్టు నడుమెత్తు ఉంటుంది. పైకాయకు వంగాలి, అడుగుకాయకు గొంతుక్కూర్చోవాలి. కోత అయ్యాక కల్లంలో ఎండబోసిన కాయల్లోంచి తాలుకాయ ఏరేదీ వాళ్లే. ఆ పనంతా గొంతుక్కూర్చునే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోకాళ్లు మడిచి, కూర్చున్న చోటు నుంచి లేవకుండా పక్కకు జరుగుతూ చేసే పని అది. మిర్చి యార్డుకు టిక్కీలు (కాయ నింపిన బస్తాలు) చేరేసరికి కాయకు ధర వస్తుందో లేదో గానీ, ఏరిన మనిషి మోకాలి గుజ్జు మాత్రం కొంత ఖర్చయిపోయి ఉంటుంది.

దానికి ముందు పత్తి తీత. విచ్చిన పత్తికాయ ఎండాక దాని డొప్పల మొనలు ముళ్లలా తయారవుతాయి. పత్తి తీసే మనిషి చేయి దగ్గరగా చూడండి. గోళ్ల మూలల్లో చీలికలు, కణుపుల మీద సన్నటి గీతలు, ముంజేతి లోపలివైపు ఎండిన చారలు. వాటిలో ఒకటో రెండో ఎప్పుడూ పచ్చిగానే ఉంటాయి. కాళ్లకూ అంతే, పత్తికట్టె గీరుకున్న గుర్తులు పిక్కల మీద కనిపిస్తాయి. చర్మం తెగిన చోటల్లా సూక్ష్మజీవికి దారి ఉంటుంది. ఆ దారులు వీళ్లకు సీజన్ పొడుగునా తెరిచే ఉంటాయి.

ప్రకాశం పడమటి మండలాల్లో మోకాళ్ల అరుగుదలకు నీళ్లూ తోడయ్యాయి. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు 1937లో 'ఇండియన్ మెడికల్ గెజిట్'లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశారు. మనదేశంలో ఈ జబ్బును లోకానికి చూపించిన తొలి రచనల్లో అదొకటి. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిశాయి, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముక మందమెక్కి, కీళ్లు బిగుసుకుపోతాయి. తొంభై ఏళ్ల కిందట రాసిన ఊళ్లలో ఇవాళ్టికీ మంచినీళ్ల కోసం ధర్నాలు జరుగుతున్నాయంటే ఏమనాలి?

మోకీలు మార్పిడి ఒకప్పుడు పట్నంలో కలిగినవాళ్ల ఆపరేషన్. 2017 ఆగస్టులో కేంద్రం మోకీలు పరికరాల ధరలకు కళ్లెం వేసింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి 54,720 రూపాయలు, టైటానియం రకానికి 76,600 రూపాయలు మించకూడదంది, పన్ను అదనం. అప్పటిదాకా మొదటిది లక్షన్నర పలికేది. ఆస్పత్రి బిల్లు ఆ మేరకు తగ్గిందా అన్నది వేరే పంచాయతీ. ఏమైతేనేం, గుంటూరు కొత్తపేటలోనైనా ఒంగోల్లోనైనా ఎముకల డాక్టరు గది ముందు చూస్తే పొలం పని చేసిన చేతులు కనిపిస్తాయి. రెండెకరాల కౌలు రైతు భార్య, అప్పు చేసి, రెండు మోకాళ్లూ మార్పించుకుని మళ్లీ చేలోకి దిగుతోంది. పక్కన కల్లం కుక్క కూడా ఉంటుంది.

పిల్లి నోట్లో కాపురం

ఆ కుక్క నోట్లో, అంతకన్నా ఎక్కువగా పిల్లి నోట్లో, పాశ్చురెల్లా మల్టోసిడా అనే బ్యాక్టీరియా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లో నూటికి 70 నుంచి 90 దాన్ని మోస్తుంటాయి. కుక్కల్లో కాస్త తక్కువ. వాటికి అది రోగం కాదు, కాపురం. అమెరికాలో చీము పట్టిన కాట్లను పరీక్షించి 1999లో ప్రచురించిన అధ్యయనంలో కుక్క కాట్లలో సగానికి, పిల్లి కాట్లలో నాలుగింట మూడొంతులకు ఈ పాశ్చురెల్లా జాతే కనిపించింది. పిల్లి కాటు పైకి చిన్న చుక్కలా ఉంటుంది. సూది మొన లాంటి దాని పన్ను లోతుకు దిగుతుంది, పైచర్మం వెంటనే మూసుకుంటుంది, లోపల వదిలినది లోపలే ఉండిపోతుంది. కుక్క కాటు చూసి కంగారుపడే మనం పిల్లి కాటును తేలిగ్గా తీసుకుంటాం. అసలు జాగ్రత్త పడాల్సింది అక్కడ.

బ్యాక్టీరియా పేరులో ఉన్నది లూయీ పాశ్చరే. 1879, 1880ల్లో ఆయన కోళ్ల కలరా మీద పనిచేస్తున్నాడు. ప్రయోగశాలలో పాతబడి బలం తగ్గిన కల్చర్‌ను కోళ్లకు ఎక్కిస్తే అవి చావలేదు సరికదా, తర్వాత తాజా సూక్ష్మజీవిని ఎక్కించినా తట్టుకున్నాయి. ప్రయోగశాలలో టీకా తయారు చేసే పద్ధతి అక్కడ మొదలైంది. ఆ కోళ్ల కలరాకు కారణం ఈ పాశ్చురెల్లాయే.

మన రైతుకు ఈ పేరు తెలియకపోవచ్చు గానీ దాని పని బాగా తెలుసు. తొలకరి వానలకు గేదెలకు వచ్చే గొంతువాపు, గురకవ్యాధి అని కూడా అంటారే, దానికి కారణం ఇదే జాతి. గొంతు కింద వాచి, గురక పెడుతూ, పొద్దున బాగున్న పశువు మర్నాటికి పడిపోతుంది. వానలకు ముందే పశువుల డాక్టరు వచ్చి వేసే టీకాల్లో ఒకటి దీనికోసమే. గేదెను చంపే రకం, పిల్లి నోట్లో ఉండే రకం ఒకటి కావు. గేదె నుంచి మన మోకాలికి ఆ గొంతువాపు అంటుకుంటుందని ఎవరూ భయపడక్కర్లేదు. జాతి ఒకటే, రకాలు వేరు. గొడ్లకు ముందు జాగ్రత్తగా టీకా వేయించే ఇంట్లోనే, మనిషి కాలి మీది పిల్లి గీతను ఎవరూ పట్టించుకోకపోవడం మాత్రం నాకు వింతగా తోస్తుంది.

లోహం దగ్గర ఏం జరుగుతుంది

1957లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లండులో ఒక ప్రయోగం చేశారు. ఒప్పుకున్న మనుషుల చర్మం కింద స్టాఫైలోకాకస్ బ్యాక్టీరియాను ఎక్కించి, చీముగడ్డ రావడానికి ఎన్ని కావాలో లెక్కగట్టారు. ఉత్త చర్మానికి లక్షల సంఖ్యలో కావాల్సి వచ్చింది. అదే చోట ఒక పట్టుదారపు కుట్టు ఉంచితే కొన్ని వందలు చాలాయి. ఇవాళ ఏ నైతిక సంఘమూ అలాంటి ప్రయోగానికి ఒప్పుకోదనుకోండి. కానీ చిన్న దారప్పోగుకే ఇంత తేడా వస్తే, ఎముకల మధ్య కూర్చున్న లోహానికి, ప్లాస్టిక్‌కు, సిమెంటుకు ఎంత తేడా ఉండాలి?

శరీరంలోని ఏ భాగానికైనా రక్తం కాపలా కాస్తుంది. లోహానికి రక్తనాళాలుండవు. తెల్లకణాలు అక్కడ సరిగా పనిచేయలేవు. రక్తంలో కొట్టుకొచ్చిన నాలుగు బ్యాక్టీరియాలు దాని మీద వాలితే ముందు అతుక్కుంటాయి, తర్వాత తమ చుట్టూ జిగట పొర అల్లుకుంటాయి. నీళ్లతొట్టి గోడకు పట్టిన పాచిని ఎప్పుడైనా గీకారా? నీళ్లు ఎన్నిసార్లు మార్చినా అది పోదు, చేత్తో రుద్దాల్సిందే. ఈ పొరను డాక్టర్లు బయోఫిల్మ్ అంటారు. నోటి మాత్రలైనా సెలైన్లో ఎక్కించే మందైనా దాని లోపలికి పూర్తిగా చేరదు. అందుకే మార్పిడి కీలుకు పట్టిన ఇన్ఫెక్షన్‌కు మందులతో పాటు కత్తి కూడా కావాలి.

తుంటి మార్పిడిని ఇవాళ్టి రూపానికి తెచ్చిన ఇంగ్లిష్ సర్జన్ జాన్ చార్న్‌లీ 1960ల్లో రైటింగ్టన్ ఆస్పత్రిలో ఎక్కువ కష్టపడింది ఇన్ఫెక్షన్‌తోనే. మొదట్లో నూటికి తొమ్మిది దాకా చీము పట్టేవి. థియేటర్ గాలిని వడగట్టి, సర్జన్ల దుస్తులు మార్చి, దాన్ని ఒకటి దరిదాపుల్లోకి దించాడు. ఇవాళ మంచి చోట చేసిన ఆపరేషన్లలో నూటికి ఒకటో రెండో ఇన్ఫెక్షన్ పాలవుతాయి. వాటిలో అత్యధికం మనిషి చర్మం మీద, ముక్కులో ఉండే స్టాఫైలోకాకస్ వల్లే. కుక్కా పిల్లీ తెచ్చేవి వాటిలో చాలా కొద్ది. ఇది ముందే చెప్పకపోతే రేపు పొద్దున ఇంట్లో కుక్కను ఊరి బయట వదిలేసి వచ్చేవాళ్లుంటారు.

అరుదే అయినా కట్టుకథ కాదు. పాశ్చురెల్లా కీళ్లకు పట్టిన ఉదంతాలు 1970ల నుంచి వైద్య పత్రికల్లో నమోదవుతున్నాయి. 2004లో వచ్చిన ఒక నివేదికలో ఇద్దరికి పిల్లి రక్కిన తర్వాత మార్పిడి కీలులో ఇన్ఫెక్షన్ వచ్చింది. 2006లో ఫ్రెంచ్ డాక్టర్లు రాసిన ఇంకో దాంట్లో కుక్క కరవనూ లేదు, రక్కనూ లేదు, నాకింది. అంతే, మోకీలు పాడైంది. ఇలాంటి నివేదికల్లో తరచూ కనిపించే మనుషులు ఒకే తీరు: వయసు పైబడినవాళ్లు, మోకీలు మార్పించుకున్నవాళ్లు, చాలామంది కీళ్లవాతానికి స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లు లేదా షుగర్ ఉన్నవాళ్లు. ఆపరేషన్ అయిన వారంలోనే కాదు, ఏళ్ల తర్వాత కూడా వస్తుంది. ఆపరేషన్ కుట్లు ఎప్పుడో మానాయి కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

"మేం పెంచట్లేదు సార్"

గుంటూరు నుంచి చిలకలూరిపేట, మార్టూరు మీదుగా ఒంగోలు దాకా రోడ్డు పక్క కల్లాల్లో మాఘమాసంలో రాత్రిళ్లు ఎర్రటి కాయల గుట్టల పక్కనే మంచమేసుకుని పడుకుంటారు. కాయ ధర బాగున్న ఏడు దొంగల భయం మరీ ఎక్కువ. మంచం కింద ఒక కుక్క ఉంటుంది. దానికి పేరుంటుంది, మెడలో పట్టీ ఉండదు. మిగిలిన సంగటి, చేప ముళ్లు దానికే. పత్తి నింపిన గదిలో ఎలకల కోసం ఓ పిల్లి తిరుగుతుంటుంది. కాన్పు కూడా అక్కడే, పత్తిలోనే అవుతుంది.

ఆ ఇంటావిడ మోకాలు వాచి పట్నం డాక్టరు దగ్గరికి పోయిందనుకుందాం. డాక్టరుకు గుర్తొస్తే అడుగుతాడు: "ఏమ్మా, ఇంట్లో కుక్కనో పిల్లినో పెంచుతున్నారా?" ఆవిడ చెప్పే జవాబు నిజాయితీగా ఇదే: "మేం పెంచట్లేదు సార్." పెంచడమంటే ఆవిడ దృష్టిలో టీవీలో చూసే తెల్లకుక్క, దానికి కొనే మేత, గొలుసు. కల్లం కుక్క కల్లానిది. పిల్లి తనకు తానే వచ్చింది. డాక్టరు "లేదు" అని రాసుకుంటాడు. ఒక దారి అక్కడే మూసుకుపోయింది.

అందుకే అడిగే తీరు మారాలి. "మీ కాళ్ల దగ్గర ఏ జంతువులు తిరుగుతుంటాయమ్మా? ఈ మధ్య ఏదైనా గీరిందా, నాకిందా? గేదె పాలు పిండేదెవరు? గేదె ఈనినప్పుడు చెయ్యి పెట్టారా?" ఓపీ చీటీ చేతికొచ్చేసరికి డాక్టరుకు మూడు నిమిషాలు కూడా ఉండవని నాకు తెలుసు. నర్సు అడిగినా సరిపోతుంది. ఆ నాలుగు ప్రశ్నలకు ఒక నిమిషం. ఇటు మనవైపు కూడా ఇంకో అలవాటు రావాలి: కాలి మీద పుండుకు ఏ డాక్టరు దగ్గరికి పోయినా "నాకు మోకీలు మార్చారు" అని ముందు చెప్పడం. పళ్ల డాక్టరుకు, కంటి డాక్టరుకు షుగర్ ఉందని చెప్పడం నేర్చుకున్నాం కదా, ఇదీ అలాగే.

మందుచీటీ లేని మాత్రలు

పాశ్చురెల్లా గుణం ఒకటుంది, తొందర. పిల్లి గీరిన మర్నాడే, ఒక్కోసారి అదే రాత్రికి, ఎర్రబడి వాచి సలుపుతుంది. ఇది చెడ్డదే గానీ ఒకరకంగా మేలు కూడా, దాగి ఉండదు. ఇంకో మేలు, ఇది పాత పెన్సిలిన్‌కే లొంగుతుంది. కొత్త ఖరీదు మందులేవీ అక్కర్లేదు. లొంగే శత్రువు చేతిలో ఎందుకు ఓడిపోతున్నామంటే, తప్పు మందుల వల్ల.

ఊళ్లో జరిగేది ఇది. వాచిన కాలితో మనిషి ఆర్‌ఎంపీ దగ్గరికి పోతుంది. నొప్పికి ఒక సూది, అందులో సాధారణంగా స్టెరాయిడ్ కలుస్తుంది. వాపు దిగుతుంది, మంచి డాక్టరని పేరు. మెడికల్ షాపులో పుండుకు మాత్రలంటే సెఫాలెక్సిన్, క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటివి చేతికొస్తాయి. మామూలు చర్మపు గడ్డలకు అవి బాగానే పనిచేస్తాయి కాబట్టి షాపువాణ్ణి అనడానికీ లేదు. పాశ్చురెల్లా మీద మాత్రం ఈ మూడూ సరిగ్గా పనిచేయవు. జంతువుల కాటుకు లోకమంతటా డాక్టర్లు మొదట ఎంచుకునేది అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆసిడ్ కలిసిన మాత్ర. కాటు లోతుగా ఉన్నా, చేతి మీదున్నా, కీలు దాకా దిగిందన్న అనుమానం ఉన్నా చీము రాకముందే మూడు నుంచి ఐదు రోజులు ఇమ్మని అంటువ్యాధుల నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇది చదివి ఎవరూ సొంతంగా కొనుక్కోవద్దు. పెన్సిలిన్ పడనివాళ్లుంటారు.

సగం సగం మందుల వల్ల ఇంకో నష్టం ఉంది, ఇది పెద్దది. కీలులో నీరు తీసి పరీక్షకు పంపితే ఏ బ్యాక్టీరియానో తేలుతుంది. మాత్రలు మింగి వస్తే ల్యాబ్‌లో ఏమీ పెరగదు. నివేదికలో "నో గ్రోత్" అని ఉంటుంది. రోగి ఏమీ లేదనుకుంటుంది. నిజానికి ఉంది, పేరు చెప్పడానికి వీల్లేకుండా అణిగి ఉంది. అందుకే ప్రాణాపాయం లేని మనిషికి ముందు రెండు వారాలు యాంటీబయాటిక్ ఆపి, తర్వాత నీరు తీస్తారు. "నొప్పితో పోతే మందివ్వకపోగా ఉన్నది ఆపమన్నాడు" అని బయట తిట్టుకునేవాళ్లు ఆ డాక్టరు మంచి పనే చేశాడని తెలుసుకోవాలి.

తీసిన నీటిని ఉత్త గాజు గొట్టంలో కాకుండా రక్తపరీక్షకు వాడే కల్చర్ సీసాల్లో పోస్తే బ్యాక్టీరియా దొరికే అవకాశం పెరుగుతుంది. ఆపరేషన్ చేసేటప్పుడు ఒకటి కాదు, ఐదారు చోట్ల ముక్కలు తీయాలి. కుక్క చర్మం మీద ఉండే స్టాఫైలోకాకస్ సూడింటర్‌మీడియస్‌ను చాలాకాలం ల్యాబ్‌లు మనుషుల స్టాఫైలోకాకసే అనుకునేవి, పరీక్షలో రెండూ ఒకేలా ప్రవర్తిస్తాయి మరి. కుక్క నోట్లోని కాప్నోసైటోఫాగా అనే ఇంకొకటి రోజుల తరబడి గానీ పెరగదు, రెండో రోజే సీసా పారేస్తే దొరకదు. ప్లీహం తీసేసినవాళ్లకు, కాలేయం చెడిన తాగుడు అలవాటున్నవాళ్లకు అది ప్రాణాంతకం.

2025 సెప్టెంబర్‌లో గుంటూరు పక్కన తురకపాలెంలో వరుసగా మనుషులు చనిపోతుంటే మెలియాయిడోసిస్ అనే పేరు పత్రికలకెక్కింది. అది జంతువుల నుంచి కాదు, మట్టి, నీళ్ల నుంచి వచ్చే జబ్బు. అనుమానం దగ్గరే ఎన్నాళ్లు తర్జనభర్జన జరిగిందో జిల్లా అంతా చూసింది. కల్చర్ పరీక్ష విలువ ఆ నెలలో చాలామందికి తెలిసొచ్చింది. జిల్లా ఆస్పత్రుల మైక్రోబయాలజీ గదులకు ఆ ఎరుక జీతాలుగా, సీసాలుగా ఎంత చేరిందన్నది అడగాల్సిన ప్రశ్న.

ఇన్ఫెక్షన్ తేలాక వైద్యం కాలాన్ని బట్టి ఉంటుంది. వాపు మొదలై మూడు వారాల లోపు వస్తే, పరికరం గట్టిగా ఉంటే, కీలు తెరిచి కడిగి, ప్లాస్టిక్ ముక్క మార్చి, లోహాన్ని ఉంచేయవచ్చు. ఆలస్యమైతే అంతా పెకలించాలి. ఆ ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, వారాల పాటు మందులు ఎక్కించి, చీము పోయిందని నమ్మకం కుదిరాక రెండో ఆపరేషన్‌లో కొత్త మోకీలు. మధ్యలో ఆ మనిషి నెలల తరబడి మంచం, కర్ర. అప్పు చేసి వేయించుకున్న కీలుకు ఈసారి అప్పు ఎక్కడ పుడుతుంది?

గేదె ఈసుకుపోయినప్పుడు

ఈ సీమలో కుక్కా పిల్లికన్నా మనిషికి దగ్గరి జంతువు గేదె. దాని నుంచి వచ్చే ముప్పు వేరే ఉంది, బ్రూసెల్లా. చూలు గేదె నెలలు నిండకుండా ఈసుకుపోతే మన రైతులు ఈసుడు రోగమంటారు. ఆ మాయలో, ఉమ్మనీటిలో బ్రూసెల్లా కోట్లల్లో ఉంటుంది. మాయ పడకపోతే ఇంటావిడే చేయి పెట్టి లాగుతుంది. ఆ చేతి మీద పత్తికాయ గీతలుంటాయి.

మనిషికి సోకితే వారాల కొద్దీ విడిచి విడిచి వచ్చే జ్వరం, రాత్రి చెమటలు, నడుము నొప్పి. వెన్నుపూసల్లో, కీళ్లలో కూర్చోవడం దీనికి ఇష్టం. వెన్నులో పడితే టీబీ అనుకుని మందులు మొదలుపెట్టిన సందర్భాలున్నాయి. మార్పిడి కీలులో కూడా ఇది దొరికిన ఉదంతాలు బ్రూసెల్లా ఎక్కువున్న దేశాల నుంచి నమోదయ్యాయి. పశుపోషణ ఇంత దట్టంగా ఉన్న మన జిల్లాల్లో పాశ్చురెల్లాకన్నా దీన్నే ముందు తలచుకోవాలని నా అభిప్రాయం. రెండు మందులు కలిపి కనీసం ఆరు వారాలు, కీళ్లలో ఉంటే అంతకన్నా ఎక్కువ కాలం వాడాలి. రోగి గేదెలున్న మనిషి అని ల్యాబ్‌కు ముందే కబురు చేయాలి. ఈ బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది, పెరిగాక పరీక్ష చేసే మనిషికే గాలి ద్వారా అంటుకోగలదు.

దీని మూలం 1905లోనే బయటపడింది. మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులకు వస్తున్న జ్వరానికి అక్కడి మేకల పాలు కారణమని థెమిస్టోక్లిస్ జమ్మిత్ అనే వైద్యుడు తేల్చాడు. సైనికులు పచ్చిపాలు మానగానే జ్వరాలు తగ్గాయి. మనం పాలు కాచే తాగుతాం, మంచిదే. "అప్పుడే పిండిన గుమ్మపాలు బలం" అని పిల్లాడి నోటికి గ్లాసు అందించే తాతలు మాత్రం ఇంకా ఉన్నారు. 2019 సెప్టెంబర్‌లో మథురలో మొదలైన జాతీయ పథకం కింద 4 నుంచి 8 నెలల ఆడ దూడలకు బ్రూసెల్లా టీకా ఉచితంగా వేస్తున్నారు. జీవితంలో ఒక్కసారే. గాలికుంటు టీకా అనగానే గొడ్లను తోలుకొచ్చే రైతు, దీనికి దూడను పట్టుకురావడానికి బద్ధకిస్తాడు. పాలిచ్చే గేదెకు ఉన్న విలువ దూడకు ఉండదు.

డాలస్‌లో పిల్లి

ఇంకో రకం మోకాళ్లున్నాయి. కూతురి పురుటికని డాలస్‌కో న్యూజెర్సీకో ఆరునెలలు వెళ్లే గుంటూరు అమ్మలవి. ప్రయాణానికి ముందే మోకీళ్లు మార్పించుకుంటారు, అక్కడ మెట్లుంటాయని. అక్కడి ఇంట్లో పిల్లి ఉంటుంది. కల్లం పిల్లిలా దూరంగా తిరగదు, సోఫాలో, దుప్పట్లో, ఒళ్లో ఉంటుంది. మనవరాలు దాన్ని అమ్మమ్మ ఒళ్లో పడేస్తుంది. ఊళ్లో పిల్లిని అదిలించే మనిషి అక్కడ అల్లుడి ముందు ఏమీ అనలేక ఊరుకుంటుంది.

గీరుకున్నా చెప్పదు. అక్కడ డాక్టరంటే ఖర్చని తెలుసు, సందర్శకుల బీమా ఏది ఇస్తుందో ఏది ఇవ్వదో తెలియదు. పచ్చళ్ల సీసాల పక్కన ఇండియా నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రలు ఉంటాయి. అవి మింగి ఊరుకుంటుంది. నిజానికి పాశ్చురెల్లా గురించి అక్కడి ఎమర్జెన్సీ డాక్టరుకు చెప్పనక్కర్లేదు, రోజూ చూసే సంగతే. ఆయనకు కావాల్సింది ఒకే ఒక్క మాట, ఈ కాల్లో లోహం ఉందని. ఆ మాట పిల్లలకు తెలుసుగానీ, పిల్లి రక్కిందని వాళ్లకు తెలియదు. సూట్‌కేసులో ఆపరేషన్ డిశ్చార్జి కాగితం నకలు ఒకటి పెట్టుకుని వెళ్లడం, రక్కిన రోజే నోరు విప్పి చెప్పడం, ఈ రెండూ ఉంటే మిగతాది వాళ్లు చూసుకుంటారు.

కుక్కను పంపించేయాలా?

అక్కర్లేదు. ఆపరేషన్ గాయం పూర్తిగా మానేదాకా, అంటే రెండు మూడు వారాలు, కుక్కనూ పిల్లినీ మంచం దగ్గరికి రానివ్వకూడదు. కట్టు తడవకూడదు, తెరిచి ఉంచకూడదు. ఆ తర్వాత ఇంట్లో ఉండనివ్వచ్చు. ఎక్కడ పుండున్నా దాన్ని నాకనివ్వకూడదు. "కుక్క నాలుకతో పుండు మానుతుంది" అన్న మాట మన దగ్గరే కాదు, చాలా దేశాల్లో ఉంది. మోకీలు మార్పించుకున్నవాళ్లు దాన్ని నమ్మకుండా ఉంటే చాలు. కరిచినా రక్కినా కారం, సున్నం వద్దు. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, రేబిస్ సూదికైనా మొదటి వైద్యం ఇదే. పదిహేను నిమిషాలంటే మనం అనుకునేకన్నా చాలా ఎక్కువసేపు. ఆ పూటే డాక్టరు దగ్గరికి. పత్తి తీతకు పాత సాక్సు వేళ్లు కత్తిరించి చేతికి తొడుక్కునే ఆడవాళ్లున్నారు, కాలికీ అలాంటిదేదైనా చుట్టుకుంటే మంచిది.

ఇక పెంపుడు జంతువు వల్ల కొత్త మోకాలికి ఎక్కువసార్లు జరిగే హాని బ్యాక్టీరియాతో కాదు, పడిపోవడంతో. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2009లో లెక్క తీస్తే అక్కడ కుక్కలూ పిల్లుల వల్ల ఏటా సుమారు 86 వేల మంది పడి దెబ్బలతో ఆస్పత్రికి వస్తున్నారని తేలింది. ఒకరిని గొలుసుతో లాగింది, ఒకరి కాళ్లకు అడ్డం తిరిగింది. మార్పిడి కీలు పక్కనే ఎముక విరిగితే దాన్ని అతికించడం మొదటి ఆపరేషన్‌కన్నా కష్టం. కాబట్టి వాకర్ పట్టుకుని నడిచే మొదటి వారాల్లో, రాత్రి బాత్రూంకు లేచినప్పుడు లైటు వేసుకుని, పిల్లి దారిలో ఎక్కడ పడుకుందో చూసుకుని అడుగు వేయండి.